ఫ్లారెన్సు తోలు పుస్తకాలు

ఇటలీ దేశంలో ఆర్నో నది ఒడ్డున ఫ్లారెన్సు అనే నగరం ఉన్నది. ఆ ఊళ్ళో శాంతా క్రోచె అని ఒక పెద్ద చర్చి ఉన్నది. దుర్భిణితో బృహస్పతి చుట్టూ తిరిగే చంద్రులను చూసిన గెలీలియో సమాధీ, మహాశిల్పి మైకెలాంజిలో సమాధీ ఆ చర్చిలోనే ఉన్నాయి. వాటిని చూడటానికి అన్ని దేశాలనుంచీ జనం వస్తారు. కాని మనం వచ్చినది సమాధులకోసం కాదు. చర్చి పక్కగా వెనక్కు నడిచి, శాన్ జుసెప్పె అనే వీధిలోకి తిరిగితే ఒక గుమ్మం వస్తుంది. లోపల అడుగు పెట్టేసరికి తోలు వాసన వేస్తుంది. కొత్త చెప్పులు కొన్న రోజున పెట్టె మూత తీస్తే వచ్చే వాసన ఉన్నదే, అదే; కాకపోతే ఇంకా ఘాటుగా ఉంటుంది.

ఇది ఒక బడి. దీని పేరు స్కువోలా దెల్ కువోయో. తెలుగులో చెప్పాలంటే "తోలు బడి" అన్నమాట. ఇక్కడ బల్లల ముందు కూర్చున్నవారి చేతుల్లో పలకలూ, బలపాలూ ఉండవు. కత్తులూ, సుత్తులూ, మైనం రాసిన దారాలూ ఉంటాయి. సంచులు, పెట్టెలు, నడికట్లు ఎన్నో చేస్తారుగాని, అన్నిటిలోకీ నాకు నచ్చినవి తోలు అట్టల పుస్తకాలు. లోపల ఒక్క అక్షరం కూడా ఉండదు. కొన్నవారే రాసుకోవాలి.

ఒక చర్చి వెనుక తోలు బడి ఎందుకు ఉన్నదో చెబుతాను.

రెండవ ప్రపంచ యుద్ధం ఫ్లారెన్సును బాగా దెబ్బ తీసింది. 1944 ఆగస్టులో జర్మను సైన్యం వెనక్కు పోతూ, ఆర్నో మీది వంతెనలలో ఒక్క పాత వంతెనను మాత్రం వదిలి, మిగిలినవన్నీ పేల్చివేసింది. యుద్ధం ముగిసేసరికి ఇటలీలో తల్లీ తండ్రీ లేని పిల్లలు ఎందరో మిగిలారు. శాంతా క్రోచెలో ఉండే ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఈ పిల్లలను గురించి ఆలోచించారు. ఒక పూట తిండి పెడితే ఆ పూట గడుస్తుంది. మరి పెద్దయినాక? చేతిలో ఒక పని ఉంటే ఎవరినీ అడగనవసరం లేదు. ఆ ఊళ్ళో తోలు పనిలో ఆరితేరిన గోరీ, కాసీనీ అనే రెండు కుటుంబాలు ఉండేవి. సన్యాసులు వారితో కలిసి 1950లో ఈ బడి పెట్టారు. పూర్వం కొత్తగా మఠంలో చేరిన కుర్రసన్యాసులు పడుకునే పొడుగాటి వసారాను బడికి ఇచ్చేశారు. ఆ కట్టడం 15వ శతాబ్దంలో ఫ్లారెన్సును ఏలిన మెదీచీ వంశంవారు కట్టించినది. పైకి చూస్తే కప్పుమీద వారి వంశచిహ్నం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆనాటి అనాథ పిల్లలు ఆ కప్పు కిందనే కూర్చుని తోలు కొయ్యటం, కుట్టటం నేర్చుకున్నారు. ఇప్పుడు దేశదేశాలనుంచీ వచ్చినవారు నేర్చుకుంటున్నారు.

బడి ఇక్కడికి రావటంలో ఇంకొక వింత ఉన్నది. చుట్టుపక్కల వీధుల పేర్లు చదవండి. ఒక వీధి పేరుకు "తోళ్ళు పదునుచేసే చోటు" అని అర్థం. ఇంకొక వీధి పేరుకు "తోళ్ళు పదునుచేసేవారు" అని అర్థం. నదివైపు వెళితే "అద్దకంవారి వీధి" వస్తుంది. తోళ్ళు కడగటానికీ, నానవెయ్యటానికీ నీళ్ళు విస్తారంగా కావాలి. అందుచేత ఆ పనివారంతా కొన్ని వందల ఏళ్ళ క్రితమే ఆర్నో పక్కన ఈ పేటలో స్థిరపడ్డారు. ఇప్పుడు ఆ తొట్లు లేవు, ఆ కంపూ లేదు; పేర్లు మాత్రం మిగిలాయి. తోళ్ళ పని నదివెంట పడమరగా వెళ్ళిపోయింది. అక్కడ పీసాకు వెళ్ళే దారిలో తోళ్ళకు పేరుబడ్డ ఊరు ఒకటి ఉన్నది. చిత్రమేమంటే దాని పేరు కూడా శాంతా క్రోచెయే! రైలు టిక్కెట్టు కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

పచ్చి చర్మం రెండు రోజులకే కుళ్ళుతుంది. మరి తోలు వందల ఏళ్ళు ఎలా ఉంటుంది? దీనికి జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది. ఒక కరక్కాయ ముక్క నోట్లో వేసుకుని నమలండి. నాలుక పిడచకట్టుకుపోతుంది. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉన్నది. అది ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టి ముద్దచేస్తుంది. నోటిలోని జారుడుతనం పోయి గరుకుగా అనిపించటానికి అదే కారణం. చర్మంలో కొలాజెన్ అనే మాంసకృత్తు సన్నటి పోగులుగా అల్లుకుని ఉంటుంది. చర్మాన్ని వగరు నీళ్ళలో నానవేస్తే, టానిన్ ఈ పోగుల మధ్య చొరబడి వాటిని గట్టిగా పట్టుకుంటుంది. ఆ తరవాత సూక్ష్మజీవులు వాటిని తినలేవు. చర్మం తోలు అయిపోతుంది. ఇటలీలో ఇందుకు చెస్ట్‌నట్ చెట్టునుంచి తీసిన వగరు వాడతారు. మనవైపు తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వాడేవారు. తంగేడు చెక్కతో పదునుచేసిన తోళ్ళు 19వ శతాబ్దంలో మద్రాసు రేవునుంచి ఓడల్లో లండనుకు వెళ్ళేవి.

పూర్వం ఈ నానబెట్టటానికి నెలలు పట్టేది. ఇప్పుడు ప్రపంచంలో చాలా భాగం తోలును క్రోమియం లవణాలతో తొందరగా పదునుచేస్తున్నారు. అది మెత్తగానూ ఉంటుంది, నీటికీ ఓర్చుకుంటుంది. కాని చెట్టు వగరుతో చేసిన తోలుకు ఒక గుణం ఉన్నది. కాస్త తడిపి దానిమీద ముద్ర నొక్కితే, ఆరిన తరవాత కూడా ఆ ముద్ర చెరగదు. పుస్తకాల అట్టలమీద లతలూ, పేర్లూ వెయ్యాలంటే ఇటువంటి తోలే మంచిది.

ఇంకొక తమాషా చూడండి. కరక్కాయ పొడి నానిన నీళ్ళలో తుప్పు మేకు ఒకటి పడవేసి ఉంచితే నీళ్ళు నల్లబడతాయి. మన పూర్వులు కరక్కాయా, అన్నభేదీ కలిపి సిరా చేసుకున్నారు. అన్నభేది అంటే ఇనుము కలిసిన లవణమే. యూరపువారు కరక్కాయకు బదులు మాచికాయ వేశారు. అంటే అట్టను తోలుగా మార్చిన వగరే లోపలి అక్షరాలకు నలుపు కూడా ఇచ్చిందన్నమాట!

ఇక పుస్తకం ఎలా తయారవుతుందో చూద్దాం. మన కోరికప్రకారం పుస్తకం చేసేవాడు ముందుగా రంగు సంగతి అడగడు. దీన్ని జేబులో పెట్టుకుంటారా, బల్లమీద ఉంచుతారా అని అడుగుతాడు. బొమ్మలు వేస్తారా, కలంతో రాస్తారా అని అడుగుతాడు. దానినిబట్టి కొలతా, కాగితమూ నిర్ణయం అవుతాయి.

మరలో తయారయిన కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిక్కుకు ఉంటుంది. కావాలంటే ఒక పాత వార్తాపత్రిక తీసుకుని పైనుంచి కిందికి చింపండి, తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. పుస్తకానికి కాగితం మడిచేటప్పుడు మడత ఆ పీచువెంటనే రావాలి. లేకపోతే పుటలు బిర్రుగా నిలబడి, సరిగా పరుచుకోవు. ఇలా మడిచిన కాగితాలు నాలుగైదు ఒకదానిలో ఒకటి దూర్చి ఒక కట్ట చేస్తారు. అటువంటి కట్టలు పదో, పన్నెండో కలిస్తే ఒక పుస్తకం. ప్రతి కట్టకూ మడతలోనే ఆరెతో బెజ్జాలు పొడుస్తారు. అవిసె నార దారానికి తేనెమైనం రాసి, ఒక కట్టను కుట్టి, దానిమీద రెండో కట్టను పెట్టి, రెండింటినీ ముడివేస్తూ పోతారు.

ఇది రాస్తుంటే నాకు మా నాయన గుర్తుకు వస్తున్నారు. ఏడాది పరీక్షలు కాగానే ఆయన మా పాత నోటుబుక్కులలో మిగిలిన తెల్ల కాగితాలు ఊడదీసి, దబ్బనంతో పొడిచి, పురికొస దారంతో కుట్టి, మాకు చిత్తు పుస్తకాలు చేసి ఇచ్చేవారు. అట్టకు కాలెండరు కాగితం. ఆ పుస్తకాలు పూర్తిగా తెరుచుకునేవి కావు. మేము బలవంతాన విప్పేవాళ్ళం. నెల తిరిగేసరికి కాగితాలు ఊడి వచ్చేవి. తప్పు ఎవరిదా అని మా అన్నకూ నాకూ తగాదాలు కూడా అయినాయి. ఆయన కాగితాలను మడతలో కాక అంచున పొడిచేవారని నాకు చాలాకాలానికి తెలిసింది. మడతలో కుట్టిన పుస్తకం అరచెయ్యిలాగా విచ్చుకుంటుంది.

కుట్టిన కట్టలకు తోలు తొడగటం తరవాతి పని. తోలు అంచులను లోపలివైపునుంచి పదునైన కత్తితో గీకి, కాగితమంత పలచగా చేస్తారు. ఈ పని చేసేటప్పుడు ఎవరూ మాట్లాడరు. చెయ్యి ఒక్కసారి వణికితే తోలు తెగుతుంది, అంతదాకా పడిన శ్రమ వృథా. చివరికి, కొన్నవారు కోరితే, వారి పేరులోని మొదటి అక్షరాలు బంగారంతో అద్దుతారు. వెనుకటి పద్ధతి ఏమిటంటే, తోలుమీద కోడిగుడ్డు తెల్లసొన రాసి, దానిమీద బంగారు రేకు పరిచి, కాచిన ఇత్తడి ముద్రతో నొక్కుతారు. వేడికి సొన గట్టిపడి, ముద్ర తగిలినంత మేరకు బంగారం అంటుకుంటుంది. మిగిలినది తుడిస్తే పోతుంది. ముద్ర మరీ వేడెక్కితే తోలు మాడిపోతుంది, చల్లారితే బంగారం అంటదు.

ఖాళీ పుస్తకానికి ఇంత శ్రమ దేనికని కొందరికి తోచవచ్చు. లియొనార్డో దా వించీ ఎక్కడికి వెళ్ళినా చిన్న పుస్తకాలు వెంట ఉంచుకుని, చూసినవీ, తోచినవీ అందులో రాసేవాడు. ఎడమచేత్తో, కుడినుంచి ఎడమకు, అద్దంలో చూస్తే చదవటానికి వీలుగా! వాటిలో సుమారు 7,000 పుటలు ఇప్పటికీ ఉన్నాయి. 1508 మార్చి 22న ఇదే ఫ్లారెన్సులో ఆయన ఒక రాత మొదలుపెడుతూ, ఇది క్రమం లేకుండా రాస్తున్నాను, తరవాత ఎప్పుడయినా సర్దుకుంటానన్న అర్థం వచ్చేటట్టు రాసుకున్నాడు. ఆ సర్దటం జరగనే లేదు. లియొనార్డో చిత్తు పుస్తకం కూడా చిత్తుగానే ఉన్నదని మా నాయనకు చెప్పవలసింది.

చేతితో కుట్టిన పుస్తకాలకు ఈ ఊళ్ళో ఒకసారి పెద్ద పరీక్ష వచ్చింది. శాంతా క్రోచె చర్చిని ఆనుకుని, నది ఒడ్డునే, ఇటలీ జాతీయ గ్రంథాలయం ఉన్నది. 1966 నవంబరు 4న ఆర్నో పొంగి ఊరిమీద పడింది. శాంతా క్రోచె పేటలో నీళ్ళు రెండు నిలువులు దాటాయి. ఇళ్ళు వెచ్చచేసుకోవటానికి దాచుకున్న నూనె తొట్లు పగిలి, ఆ నూనె అంతా బురదలో కలిసింది. గ్రంథాలయంలో పది లక్షలకు పైగా పుస్తకాలూ, పత్రికలూ పాడయినాయి. దేశదేశాల యువకులూ, యువతులూ పరిగెత్తుకు వచ్చి, వరసగా నిలబడి, బురదలోనుంచి పుస్తకాలను చేతినుంచి చేతికి అందించారు. వారిని ఊరివారు "బురద దేవదూతలు" అన్నారు. తడిసిన పుస్తకాలను పొగాకు ఆరబెట్టే కొట్టాలకు తరలించి ఆరబెట్టారు. ఇంగ్లండునుంచి పీటర్ వాటర్స్ అనే బైండింగు నిపుణుడు వచ్చి, వాటిని విప్పి, కడిగి, మళ్ళీ కుట్టే పద్ధతి ఏర్పాటు చేశాడు.

ఆ పనికి వచ్చినవారిలో క్రిస్టఫర్ క్లార్క్‌సన్ అనే ఇంగ్లీషువాడు ఒక సంగతి గమనించాడు. బరువైన అట్టలూ, జిగురూ ఉన్న పుస్తకాలు ఉబ్బి, వంకరలు తిరిగి ఉండగా, 16వ శతాబ్దపు సాదా పుస్తకాలు కొన్ని వరదకు చక్కగా తట్టుకున్నాయి. వాటికి గట్టి అట్టలే లేవు. జిగురు కూడా బహు తక్కువ. దారంతో కుట్టి, మెత్తని వెల్లం చుట్టి, తోలు వారులతో బిగించారు, అంతే. వెల్లం అంటే వగరులో నానవెయ్యకుండా, సున్నపు నీళ్ళలో ఉంచి, గీకి, బిగలాగి ఆరబెట్టిన చర్మం. మన నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు వాడే మేకచర్మం కూడా ఇలా పదునుచెయ్యనిదే. కాగితం ఉబ్బినప్పుడు ఆ మెత్తని తొడుగు దానికి చోటు ఇచ్చింది. జిగురు లేదు కనక కరిగిపోయేందుకూ ఏమీ లేదు. చవకగా ఉంటుందని పూర్వం కట్టిన పుస్తకాలు అవి!

ఆ తరవాత పుస్తకాలు బాగుచేసేవారు ఆ పాత పద్ధతిని మళ్ళీ నేర్చుకుని వాడసాగారు. గ్రంథాలయంలో బాగుచేత ఎన్నో ఏళ్ళు సాగింది. పుస్తకం విప్పి, పుట వెంట పుట కడిగి, చిరుగులు అతికి, మళ్ళీ మడతలో దారం వేసి కుట్టాలి. 2016లో వరదకు 50 ఏళ్ళు నిండాయి. అప్పటికి కూడా బాగుచెయ్యవలసిన పుస్తకాలు ఇంకా మిగిలే ఉన్నాయి.