పది నెలల ముక్కు

గత శీతాకాలంలో ఆరు వారాల పాటు నేనిక్కడ ఏ పుస్తకం గురించీ రాయలేదు. క్షేమమేనా అని అడిగిన మిత్రులకు పొడిగా జవాబిచ్చి ఊరుకున్నాను. అసలు సంగతి ఇది: కళ్ళజోడు పెట్టుకోవడానికి నాకు ముక్కు లేదు. అంటే, ముక్కు ఉన్నది. దాని మీద గురివిందగింజంత బరువు కూడా మోపరాదని వైద్యుల శాసనం.

ఇరవయ్యేళ్ళ వయసులో కాకినాడలో క్రికెట్ బంతి తగిలి నా ముక్కు ఎముక విరిగి ఎడమకు ఒరిగింది. రెండు రంధ్రాల నడుమ గోడగా నిలిచే మృదులాస్థి వంగి, కుడి రంధ్రం దాదాపు మూసుకుపోయింది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒంటి రంధ్రంతోనే నెట్టుకొచ్చాను. యాభై దాటిన తరువాత నిద్రలో ఊపిరాడక లేచి కూర్చోవడం, నా గురకతో ఇంటిల్లిపాదికీ జాగారం చేయించడం మొదలయ్యాక, నిరుడు అక్టోబరులో డబ్లిన్‌లో శస్త్రచికిత్స చేయించుకున్నాను. మా లెటర్‌కెన్నీకి రైలు లేదు. ఉత్తర ఐర్లండ్‌లోకి ప్రవేశించి మళ్ళీ ఈ దేశంలోకి తేలే రోడ్డు మీద, వానలో, ముక్కు మీద అచ్చుకట్టుతో, నోటితో గాలి పీల్చుకుంటూ ఇల్లు చేరాను.

ఎనిమిదో రోజున అచ్చుకట్టు తీశారు. ముక్కు నిటారుగా ఉంది. రెండు రోజులు మహదానందంగా గడిచాయి. మూడో రోజు ఉదయం అద్దంలో చూసుకుంటే ఎడమవైపు పొంగి ఉంది, కుడివైపు లేదు. ముక్కు కొన కూడా కాస్త పక్కకు జరిగినట్టు తోచింది.

ఇది నాకు తెలియని విషయమా? వంకర ఎడమకు ఉన్నప్పుడు రెండు పక్కలా సమానమైన పని జరగదు. నాకు ఎడమవైపు ఎముకను రెండు చోట్ల కోశారు, కుడివైపు ఒకచోటే. ఎక్కడ ఎక్కువ కోస్తే అక్కడ ఎక్కువ నీరు చేరుతుంది. ఆ నీటిని తోడుకుపోయే సన్నని శోషరస నాళాలు శస్త్రచికిత్సలో తెగి, మళ్ళీ దారులు వేసుకోవడానికి నెలలు పడుతుంది. కళ్ళ కింది నలుపు రెండు వారాల్లో పోతుంది, పైకి కనిపించే వాపులో అధిక భాగం మూడు నెలల్లో దిగుతుంది. చర్మం మందంగా ఉండే కొన మాత్రం కుదురుకోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి తీసుకుంటుంది. మనలో చాలామందిది మందపాటి చర్మమే. అందుకే ఏడాది నిండకుండా, కేవలం రూపం కోసం రెండోసారి కత్తి పట్టడానికి శస్త్రవైద్యులు సాధారణంగా ఒప్పుకోరు. ఇవన్నీ వేరొకరికి తడుముకోకుండా చెప్పగలను. నా ముక్కుకు మాత్రం ఈ శాస్త్రం వర్తిస్తుందని నమ్మలేకపోయాను.

రోజూ పొద్దున్నే చెయ్యి చాచి ఫోనుతో ఫొటో తీసుకునేవాణ్ణి. ఇంతకంటే తెలివితక్కువ పని లేదు. 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు, 5 అడుగుల నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టి ప్రచురించారు. ఆ వ్యాసం అప్పుడే చదివి తలపంకించినవాణ్ణి. అయినా నలభై ఫొటోలు పోగుచేసి, వాటి మీద గీతలు గీసి, మిల్లీమీటర్లు రాసి, ఐదో వారంలో శస్త్రవైద్యుడికి పెద్ద ఉత్తరం పంపాను. ఆయన జవాబు రెండు వాక్యాలు. ఓపిక పట్టమని ఒకటి. శస్త్రచికిత్సకు ముందు తీసిన ఫొటోలు ఏవైనా ఉంటే చూసుకోమని రెండోది.

ఒళ్ళు మండింది. ఆ మండటం ఎందుకో కూడా వెంటనే తెలిసింది. కాలిలో రక్తం గడ్డకట్టి, నెలల తరబడి ఒక కాలు లావుగా మిగిలిపోయిన రైతు ఒకాయన అంతకు ముందు వేసవిలో నా దగ్గరికి వచ్చాడు. రెండు కాళ్ళూ మళ్ళీ ఒకటవుతాయా అని అడిగాడు. సమయం పడుతుందన్నాను. ఎంత సమయం అన్నాడు. కొన్ని నెలలు అంటూనే తరువాతి రోగి కాగితాలు చేతిలోకి తీసుకున్నాను. ఆయన ఇంకేదో అడగబోయి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ మాట చెప్పడానికి నాకేమీ ఖర్చు కాలేదు.

చదవలేని నాకు ఆ వారాల్లో రాత్రిపూట మా ఆవిడ చదివి వినిపించేది. ముక్కు మీది పద్యంతో ‘ముక్కు తిమ్మన’ అయిపోయిన నంది తిమ్మన గారిని తలుచుకుని నవ్వుకున్నాక, సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని 16వ అధ్యాయం తీసింది. తెగిన ముక్కుకు సరిపడా ఆకును కొలతగా పెట్టి, చెంప నుంచి కండను తెచ్చి అతికించడం, ఊపిరికి రెండు నాళాలు అమర్చడం, తెల్లని దూది కప్పి నువ్వుల నూనెతో తడపడం, ఇదంతా మనవాళ్ళు గర్వంగా చెప్పుకునే భాగం. ఆ చివరి మాటలను మాత్రం నేను అంతకుముందు పట్టించుకోలేదు. అతుకు పూర్తిగా మానిన తరువాత, ముక్కు చిన్నదైతే పెంచడానికి ప్రయత్నించాలట, కండ మితిమీరి పెరిగితే సమం చేయాలట. అంటే తొలిసారి సమంగా రాదని ఆయనకు తెలుసు. సరిచేయడానికి మానేదాకా ఆగాలనీ తెలుసు.

మరునాడు జోసెఫ్ కార్ప్యూ 1816లో ప్రచురించిన పుస్తకం. ఈ భారతీయ పద్ధతిని, చెంపకు బదులు నుదుటి చర్మంతో చేసేదాన్ని, ఆయన 1814లో లండన్‌లో తొలిసారి అనుసరించాడు. దానికి ఆధారం 1794లో ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’లో వచ్చిన ఉత్తరం. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కవస్జీ 1792 యుద్ధంలో టిప్పు సైన్యానికి చిక్కి ముక్కూ, ఒక చెయ్యీ పోగొట్టుకోవడం, పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన వ్యక్తి అతనికి కొత్త ముక్కు కుట్టడం అందులోని కథ. దానితో పాటు అచ్చయిన కవస్జీ బొమ్మ వైద్య చరిత్ర పుస్తకాలన్నిటిలోనూ కనబడుతుంది. విద్యార్థి దశ నుంచీ చూస్తున్నాను. అది శస్త్రచికిత్స జరిగిన పది నెలలకు గీసినదని ఆ ఉత్తరంలోనే ఉంది.

మా ఆవిడను ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాను. పది నెలలు! మూడో వారంలో కవస్జీ ముఖం ఎలా ఉండేదో ఏ చిత్రకారుడూ గీయలేదు. ఎడమవైపు పొంగిందో, కుడివైపు పొంగిందో, అతను ఏ నీళ్ళలో ముఖం చూసుకుని ఏమనుకున్నాడో ఎవరూ రాయలేదు.

ఇక్కడ ఒక మాట వైద్యుడిగా చెప్పాలి. ఓపిక అన్నిటికీ మందు కాదు. శస్త్రచికిత్స తరువాత వాపు ఉన్నట్టుండి పెరిగినా, నొప్పి ఎక్కువైనా, జ్వరం వచ్చినా, లోపలి గోడ మెత్తగా ఉబ్బి రెండు రంధ్రాలూ మూసుకుపోయినా ఆ రోజే చూపించుకోవాలి. గోడలో రక్తం నిలిస్తే మృదులాస్థికి పోషణ అందక చచ్చుబడుతుంది. ముక్కు దూలం కుంగిపోతుంది. నాకు ఇవేవీ లేవు.

నాకున్న కారణాల్లో ఒకదాన్ని కనిపెట్టింది అమ్మ. కాకినాడ నుంచి వీడియోలో చూస్తూ, “ఏరా, ఇంకా ఎడం పక్కకే తిరిగి పడుకుంటున్నావా?” అంది. తలగడలు ఎత్తుగా పేర్చుకుని వెల్లకిలా పడుకుంటున్నానని చెప్పాను. పడుకునేది అలాగేనట, తెల్లారేసరికి ఎడమకు తిరిగి ఉంటానని మా ఆవిడ వెనకనుంచి అందించింది. నీరు పల్లమెరుగు. ఉదయం ఉన్నంత పొంగు సాయంత్రానికి ఉండకపోవడం నేనూ చూశాను. కానీ కారణం వెతకలేదు. ఫొటోలు తీసేది పొద్దున్న కదా. కుడి నుంచి ఎడమకు దొర్లకుండా ఆ రాత్రి నుంచి పక్కన ఒక దిండు అడ్డం పెట్టారు.

శస్త్రవైద్యుడు చూసుకోమన్న పాత ఫొటోలు కూడా చివరికి తీశాను. బంతి తగలకముందు, పద్దెనిమిదేళ్ళప్పుడు తీసిన హాల్‌టికెట్ ఫొటోలో ఎడమ రంధ్రం కుడిదానికంటే పైకి ఉంది. ఎడమ కనుబొమ కూడా.

ఆ రైతు ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చాడు. ఈసారి టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచి, తేడా ఎంతో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. కొంత తేడా ఎప్పటికీ మిగలవచ్చని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు కూర్చున్నాడు. గొర్రెల గురించి ఎక్కువ మాట్లాడాడు.

ఇప్పుడు ఎనిమిదో నెల. రెండు రంధ్రాలతోనూ స్విల్లీ నది మీది చలిగాలి లోపలికి వస్తోంది. వాపు కొద్దిగా ఉంది. కళ్ళజోడు ఎడమవైపు కాస్త ఎత్తుగా కూర్చుంటుంటే మొన్న దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడి అమ్మాయి ముక్కు మీద ఆనే చోట చిన్న పట్టకారుతో వంచి సరిచేసింది. డబ్బులు వద్దంది. ముక్కు మారితే మళ్ళీ రమ్మంది.