ఉత్త మాటలేగా!

మొన్న మంగళవారం సాయంత్రం మా కౌంటర్ దగ్గర ఒకాయన గొంతు పెంచాడు. "ఇంజెక్షన్ చెయ్యలేదు, సెలైన్ ఎక్కించలేదు. ముప్పావు గంట కూర్చోబెట్టి మాట్లాడినందుకు ఐదొందలా?" పక్కన ఆయన భార్య కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి ఉంది. ఆ ముప్పావు గంటలో ఆవిడ, పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, రాత్రిళ్ళు తనకు ఏమవుతోందో ఒక మనిషికి పూర్తిగా చెప్పుకుంది. ఆ సంగతి ఆయనకు చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. చెప్పే హక్కు నాకు లేదు. డబ్బు కట్టి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకాల తలుపు మూసుకున్నప్పుడే అనుకున్నాను, రెండో సిట్టింగుకు రారని.

గుంటూరులో మానసిక వైద్యురాలిగా పనిచేస్తూ ఇరవై రెండేళ్ళు దాటాయి. బీపీ మాత్ర మధ్యలో మానేసి మళ్ళీ పెంచుకుని వచ్చేవాళ్ళను చూసి మా ఫిజీషియన్ మిత్రులు తల పట్టుకుంటారు. నన్ను కుదిపేసేది ఇంకొకటి. మాత్రలు మింగుతారు, ఎంత చేదైనా, ఎంత ఖరీదైనా. మాటను మాత్రం రెండో వారానికే మానేస్తారు. "ఉత్త మాటలేగా మేడం, అవేవో మేమే చెప్పుకుంటాం" అంటారు.

కొన్నేళ్ళ కిందటి ఒకావిడ గురించి చెప్తాను. ఎవరో పోల్చుకోకుండా వివరాలు కొంచెం మార్చాను. తెనాలి దగ్గర పల్లె. నలభై దాటిన వయసు. బ్లౌజులు కుడుతుంది. ఒకరోజు గుంటూరు వచ్చే బస్సులో, నారాకోడూరు దాటాక, ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. చేతివేళ్ళు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నానని కేక పెట్టింది. బస్సు ఆపించి ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. ఈసీజీ తీశారు. "ఏమీ లేదమ్మా, గ్యాస్" అన్నారు.

నా దగ్గరికి వచ్చేసరికి ఏడాదిన్నర గడిచింది. బట్టల షాపు సంచి నిండా కాగితాలు. ఏడు ఈసీజీలు, రెండు ఎకోలు, ఒక టీఎంటీ, థైరాయిడ్ పరీక్ష, ఎండోస్కోపీ. అన్నీ నార్మల్. ఊళ్ళో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని సెలైన్‌లో పచ్చటి సూది మందు కలిపి ఎక్కించాడు. అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. చివరికి మెడికల్ షాపు కుర్రాడు ఆల్ప్రాజోలం ఇచ్చాడు. దానికి చీటీ కావాలి. చీటీ లేకుండానే నెలల తరబడి ఇస్తూ పోయాడు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపి పట్టుబడే మందుల్లో ఇదొకటి. కొన్ని వారాలు వరసగా వాడితే ఒళ్ళు దానికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా మానితే చెమటలు, వణుకు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి.

తాయెత్తు మీద నాకంత కోపం రాలేదు. కోపమంతా ఆ "ఏమీ లేదు" మీద. ఆవిడకు గుండెలో ఏమీ లేదు, నిజమే. కానీ ఏమీ లేకపోవడం వేరు, గుండెలో లేకపోవడం వేరు. ఆ రెండో సగం మాట చెప్పటానికి ఐదు నిమిషాలు చాలు. ఏడుగురు డాక్టర్ల దగ్గర ఆ ఐదు నిమిషాలు దొరకలేదు. ప్రాక్టీసు మొదట్లో నా దగ్గర కూడా దొరికేవి కావు. "టెన్షన్ పడకు తల్లీ" అని చీటీ రాసి ఎంతమందిని పంపించానో.

దీని పేరు ప్యానిక్. చీకట్లో కాలికి పాము తగిలిందనుకోండి, ఒళ్ళంతా క్షణంలో సిద్ధమైపోతుంది. అడ్రినలిన్ పొంగుతుంది, గుండె పరిగెడుతుంది, ఊపిరి జోరందుకుంటుంది. పారిపోవడానికో తిరగబడడానికో శరీరం చేసుకునే ఏర్పాటది. పాము లేకుండానే ఆ గంట మోగడం ప్యానిక్. ఊపిరి గబగబా తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, అందుకే ఆ తిమ్మిర్లు, కళ్ళు తిరగడం. మామూలుగా పది నిమిషాల్లోపు తారస్థాయికి వెళ్ళి, దిగిపోతుంది. దానివల్ల ప్రాణం పోదు. కానీ మళ్ళీ వస్తుందేమోనన్న భయం దిగదు. ఆవిడ మొదట బస్సు మానేసింది. తర్వాత సంత. తర్వాత పెళ్ళిళ్ళు. చివరికి వీధి చివర కొట్టుకు పోవాలన్నా కొడుకు తోడుండాలి, చేతిసంచిలో నీళ్ళ సీసా, మాత్ర ఉండాలి. తప్పించుకున్న ప్రతిసారీ "తప్పించుకున్నాను కాబట్టే బతికాను" అని మనసు లెక్క రాసుకుంటుంది. భయానికి అదే మేత.

సిట్టింగులో జరిగేది చూస్తే ఆశ్చర్యపోతారు. గుండె బాగుందని రూఢి చేసుకున్నాక, కుర్చీలో కూర్చోబెట్టి ఒక నిమిషం గబగబా ఊపిరి తీయమన్నాం. "అదే మేడం, అచ్చం అదే వస్తోంది!" అని నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను, మాత్ర మాత్రం ఇవ్వలేదు. మూడు నిమిషాలకు దానంతటదే తగ్గింది. తనే తెప్పించుకుంది, తనే పోవడం చూసింది. ఏడు ఈసీజీలు నమ్మించలేనిది ఆ మూడు నిమిషాలు నమ్మించాయి.

భయాలను తక్కువ నుంచి ఎక్కువకు మెట్లుగా రాసుకు రమ్మంటే, బ్లౌజు కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాసుకొచ్చింది. ముందువైపు ఛాతీ, భుజం, చేతి పొడవు. వెనకవైపు బస్టాండు దాకా నడవడం, ఆగి ఉన్న బస్సెక్కి కూర్చోవడం, భర్తతో ఒక స్టేజీ, ఒంటరిగా ఒక స్టేజీ, ఒంటరిగా గుంటూరు. ఒక్కో దానికి పక్కన మార్కులు, పదికి ఎంత భయమో.

అయితే ఈ మెట్లన్నీ రెండో విడతలో. మొదటిసారి రెండు సిట్టింగులయ్యాక రావడం మానేసింది. ఊపిరి సంగతి అర్థమై కాస్త తెరిపిన పడింది, "తగ్గిందిగా, ఇంకెందుకు" అన్నాడు భర్త. ఎనిమిది నెలలకు మళ్ళీ వచ్చింది. అప్పటికి ఆల్ప్రాజోలం రెట్టింపయింది. ఈసారి పన్నెండు సిట్టింగులు పట్టాయి. మాత్రను వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ మాన్పించాం. తర్వాత దసరాకు విజయవాడ ఒంటరిగా బస్సులో వెళ్ళి వచ్చిందట. దారిలో రెండుసార్లు దడ వచ్చింది, కూర్చున్నాను, పోయింది అంది. "అసలు రాలేదు" అని ఉంటే నేనంత సంతోషించేదాన్ని కాదు.

"కాస్త ధైర్యం చెప్పండి మేడం" అంటూ బిడ్డల్ని తీసుకొస్తారు. ధైర్యం చెప్పడానికి ఇంట్లో మేనమామ చాలు, డాక్టరెందుకు? మేం చేసేది ధైర్యం చెప్పడం కాదు. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు కుంగుబాటు రోగుల మాటలు వింటూ ఒకటి గమనించాడు. వాళ్ళ మనసులో "నేను పనికిరాను", "ఇక అంతే" లాంటి ఆలోచనలు రెప్పపాటులో వచ్చిపోతుంటాయి. అవి ఆలోచనలని కూడా తెలియదు, నిజాలే అనుకుంటారు. వాటిని పట్టుకుని, కాగితం మీద పెట్టి, దీనికి రుజువేమిటి, ఎదురు రుజువేమిటి అని రోగీ వైద్యుడూ కలిసి విచారణ చేయడం ఆయన నేర్పిన పద్ధతి. దానికి డోసుంది, కోర్సుంది, ఇంటికి వెళ్ళి చేయాల్సిన పనీ ఉంది. తీరిగ్గా కూర్చుని కష్టసుఖాలు మాట్లాడుకోవడం కాదు.

చేతులు కడగడం ఆపలేని ఒక టీచరమ్మ ఉండేది. రోజుకు మూడు గంటలు, వేళ్ళ చర్మం పగిలి రక్తం వచ్చేదాకా. ఇంట్లోవాళ్ళు మడి, శుభ్రం ఎక్కువ అని సరిపెట్టుకున్నారు. మందు ఇస్తూనే, తలుపు గడియ ముట్టుకుని, కడుక్కోకుండా, ఆ కంపరం దానంతటది తగ్గేదాకా మా ఎదురుగా కూర్చోబెట్టేవాళ్ళం. మొదటిరోజు ఏడ్చింది. ఈ సంక్రాంతికి స్వయంగా అరిసెలు వండి తెచ్చింది. పిండి కలిపిన చేతుల్ని ఎన్నిసార్లు కడిగావని నేను అడగలేదు, ఆవిడే "రెండుసార్లే" అంది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని అబ్బాయి సంగతి. పల్నాడులో మిర్చి రైతు కొడుకు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు చదివాడు. రెండుసార్లు పోయింది. ఇంటికొచ్చి గది తలుపు వేసుకున్నాడు. తిండి లేదు, స్నానం లేదు, ఫోన్ ఎత్తడు. కుంగుబాటని తేల్చి మందు మొదలుపెట్టాను. ఈ మందులు పనిచేయడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని చెప్పి, సిట్టింగులూ రాశాను. రెండోసారి మా సైకాలజిస్టు ఒక కాగితం ఇచ్చింది. పొద్దున ఏడింటికి పొలం గట్టు దాకా నడవడం. సాయంత్రం అక్కకు ఫోన్. ఒకరోజు విడిచి ఒకరోజు గడ్డం. తండ్రి ఆ కాగితం తిరగేసి చూసి, "ఇది చెప్పడానికా అమ్మా మమ్మల్ని ఇంత దూరం రప్పించింది?" అన్నాడు.

ఆ కాగితంలో ఉన్నదేమిటో ఆ రోజు ఆయనకు చెప్పాల్సింది. కుంగినవాడు ఉత్సాహం వచ్చాక లేద్దామని ఎదురుచూస్తాడు. అది రాదు. లేస్తేనే కొంచెం వస్తుంది, ఆ కొంచెంతో ఇంకొంచెం లేవాలి. మందులాగే దీన్నీ పరీక్షించి చూశారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విక్రమ్ పటేల్ బృందం, మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఇదే పద్ధతిని ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో నడిపించింది. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్ళు మామూలు చికిత్స ఒక్కటే పొందినవాళ్ళకంటే బాగా కోలుకున్నారు. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఇవన్నీ నాకు తెలుసు. బయట ముప్పైమంది కూర్చుని ఉన్నారన్న తొందరలో ఇవేవీ ఆ తండ్రికి చెప్పకుండా "తప్పకుండా తీసుకురండి" అని మాత్రమే అన్నాను.

తీసుకురాలేదు. ఎవరో బాబా దగ్గర దారం కట్టించాడు, మందూ మాన్పించాడు. వాళ్ళు రాలేదని మా రిజిస్టరులో ఉంది. మేం ఫోన్ చెయ్యలేదు. ఐదు నెలల తర్వాత ఒక రాత్రి, వేరే ఆస్పత్రి ఐసీయూ నుంచి కబురొచ్చింది. ప్రాణం తీసుకోబోయాడు. దక్కాడు. వరండాలో నేల మీద కూర్చున్న తండ్రి నన్ను చూసి లేచాడు. "ఇప్పుడు చెబితే వింటాడా అమ్మా, ఆ మాటలు?" అన్నాడు.

విన్నాడు. మందుతో కలిపి, తొమ్మిది నెలలు. ప్రతిసారీ తండ్రే తీసుకొచ్చి బయట బల్ల మీద కూర్చునేవాడు.

మాటతో అన్నీ నయమవుతాయని నేననడం లేదు. స్కిజోఫ్రెనియా, బైపోలార్ జబ్బు, లేవలేనంత కుంగుబాటు ఉన్నవాళ్ళకు మందు తప్పనిసరి. థెరపీ చేస్తాం, మందు మానెయ్యండి అనేవాళ్ళ దగ్గర నుంచి వెంటనే లేచి రండి. రెండు రోజుల సర్టిఫికెట్‌తో కౌన్సెలర్ బోర్డు పెట్టినవాళ్ళు వీధికొకరు కనిపిస్తున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉంటారు. నంబరు అడగండి, మొహమాటపడకండి. మొదట కలిసిన థెరపిస్టుతో పొసగకపోతే ఇంకొకరిని చూడండి, థెరపీనే వదిలేయకండి. 2015–16లో నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, కుంగుబాటు, ఆందోళన లాంటి సాధారణ మానసిక సమస్యలున్న నూటికి సుమారు 85 మందికి ఏ చికిత్సా అందడం లేదని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పన్నెండింటిలో లేవు. మనం మెరుగ్గా ఉన్నామని అనుకోవడానికి నా ఓపీలో నాకు ఏ ఆధారమూ కనిపించదు. ఊళ్ళో ఎవరూ లేకపోతే, రాత్రి రెండింటికి ఎవరికీ చెప్పుకోలేకపోతే, 2022 నుంచి టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది. 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆ ఐసీయూ రాత్రి తర్వాత మా దగ్గర రెండు మారాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు చీటీ వెనక ఎనిమిది గళ్ళు గీసి ఇస్తున్నాం. క్షయకు ఆరు నెలల కోర్సెలాగో ఇదీ అలాగేనని, మొదటి గడి కొట్టేసి చూపిస్తున్నాం. రెండో సిట్టింగుకు రానివాళ్ళకు అదే రోజు ఫోన్ చేస్తున్నాం.

ఇవాళ మంగళవారం. ఐదున్నరకు రావాల్సిన దంపతులు ఆరైనా రాలేదు. రిసెప్షన్ అమ్మాయి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. ఆయనే ఎత్తాడు.

"మీ డబ్బు దేనికి తీసుకున్నామో పోయిన వారం నేను మీకు చెప్పలేదండీ. తప్పు నాది. ఇప్పుడు చెప్తాను, రెండు నిమిషాలు వింటారా?" అన్నాను.

విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. "పనులున్నాయి మేడం, చూస్తాం" అన్నాడు చివరికి. ఫోన్ పెట్టేయబోతుండగా వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది, "ఎన్నింటికి రమ్మంటున్నారో అడగండి."