వ్యానులో పొయ్యి, దానికి రెగ్యులేటరు

మన ఇంట్లో ఆడి కృత్తిక అంటే తిరుత్తణి. తిరువళ్లూరులో ఉన్నవాళ్లు, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు, బెంగళూరు నుంచి దిగేవాళ్లు (అంటే మేము) అందరం కలిసి ఒక వ్యాను మాట్లాడుకొని పోతాం. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది గానీ మన మొక్కు మాత్రం అక్కడే ఉంది. 365 మెట్లెక్కి దిగేసరికి పిల్లలకు ఆకలి. ఆ రోజు ఏ హోటలు ముందరా నిలబడేదానికి కూడా చోటుండదు. అందుకే పొయ్యి, సిలిండరు వ్యానులో వేసుకొని పోవడం, ఏ చెట్టు కిందో ఉప్మా, కాఫీ చేసుకోవడం మనకు ఎన్నో ఏండ్ల అలవాటు.

ఈసారి ఆ పొయ్యి గురించే మాటామాటా వచ్చింది. ఆస్ట్రేలియాలో ఉండే తమ్ముడు కారవాన్‌లో వాడే చిన్న బార్బెక్యూ పొయ్యి ఒకటి కొని తెచ్చినాడు. దాన్ని మన సిలిండరుకు తగిలిద్దామని వాడి ఉత్సాహం. చిన్నాయనేమో ఏ పొయ్యైనా ఒకటే అంటాడు. "ముప్పై ఏండ్లుగా పోతా ఉండాం, ఏమైంది?" అని ఆయన ప్రశ్న. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏమీ కాలేదు అనే మాట వింటే, కానప్పుడు ఏయే వస్తువులు కలిపి వాడినారు అని అడగడం మా పని. ఆ ముప్పై ఏండ్లూ అవ్వ ఇంటి పొయ్యినే, ఇంటి రెగ్యులేటరుతోనే తెచ్చేది. ఇప్పుడు మారుతున్నది అదే.

మేము చదివింది కన్నడ మీడియం. బడి పుస్తకంలో గ్యాసును అనిల అనీ, ఒత్తిడిని ఒత్తడ అనీ చదువుకున్నాం. పేరు ఏదైనా సంగతి ఒకటే. సిలిండరు లోపల గ్యాసు ద్రవంగా అణిగి ఉంటుంది. దాని మీది ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కొన్ని కిలోలు. ఎండలో నిలిపిన వ్యానులో అది ఇంకా పెరుగుతుంది. ఇంటి పొయ్యికి కావలసింది దాదాపు 30 గ్రాములు మాత్రమే. నూరింతలకు పైన ఉన్న ఆ తేడాను మింగేది అరచేతిలో పట్టే ఆ రెగ్యులేటరు. అది గ్యాసును తెరిచి మూసే బిరడా అని చాలామంది అనుకుంటారు. అసలు పని ఒత్తిడి తగ్గించడం.

పెండ్లి వంటల భట్టీకి వాడే రెగ్యులేటరు వేరు. అది ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. దాన్ని ఇంటి పొయ్యికి పెడితే మంట బర్నరు మీద నిలబడక పైకి లేస్తుంది, ట్యూబు ఊడిపోనూ వచ్చు. ఇంటి రెగ్యులేటరు భట్టీకి పెడితే మంట చాలదు. అప్పుడు ఎవరో ఒకరు "రెగ్యులేటరు తీసేయండి, బాగా మండుతుంది" అని సలహా ఇస్తారు. బజారులో దొరికే పేరులేని చిన్న సిలిండర్ల మీద బర్నరు నేరుగా బిగించి ఉంటుంది చూడండి, వాటికి రెగ్యులేటరే లేదు. వాటిలో గ్యాసు నింపేది కూడా దొంగచాటుగా, ఇంకో సిలిండరు నుంచి ఒంచి. ఆయిల్ కంపెనీల 5 కిలోల సిలిండర్లు చిరునామా రుజువు లేకుండానే దొరుకుతాయి గదా, ఇంక అవెందుకు?

తమ్ముడి పొయ్యి సంగతికి వస్తే, ఆస్ట్రేలియాలో ఇట్లాంటివి 2.75 కిలోపాస్కల్‌కు చేస్తారు. అంటే సుమారు 28 గ్రాములు. మనదానికి చాలా దగ్గర. అందుకే వాడికి ధైర్యం. అయితే అక్కడ వాడేది ప్రొపేన్, మనది ప్రొపేన్, బ్యూటేన్ కలిపింది, జెట్టు దానికి తగ్గట్టు ఉండదు. మర కూడా కలవదు. కలపాలంటే బజారు అడాప్టరు ఒకటి, దాని మీద టేపు. లీకయ్యేది అట్లాంటి అతుకుల దగ్గరే. ఆ పొయ్యి ఈసారి వ్యాను ఎక్కదని పెద్దమ్మ తేల్చేసింది. వాడు రెండు రోజులు మాట్లాడలేదు.

చిన్నాయనకు మాత్రం మేము మదురై సంగతి చెప్పినాము. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషను దగ్గర నిలిపి ఉన్న యాత్రికుల రైలుపెట్టెలో మంటలు లేచి తొమ్మిది మంది పోయినారు. లక్నో నుంచి గుడులు చూడను వచ్చినవాళ్లు. రైల్లో తేకూడని గ్యాసు సిలిండరు తెచ్చుకొని లోపలే పొయ్యి వెలిగించినారు. వాళ్లూ మనలాగా కాఫీ, టిఫిను కోసమే గదా. ఆయన ఆ తర్వాత వాదించలేదు.

కాబట్టి వంట వ్యాను లోపల వద్దు, వాన వచ్చినా వద్దు. గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే సీట్ల కింద, కాళ్ల దగ్గర పేరుకుంటుంది, నిలబడినవాళ్ల ముక్కుకు ఆలస్యంగా తెలుస్తుంది. బొగ్గుల బార్బెక్యూ అయితే ఇంకా మోసం, మూసిన వ్యానులో దాని విషవాయువుకు వాసనే ఉండదు. సిలిండరును నిలబెట్టే తీసుకుపోవాలి, పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి వస్తుంది. దారిలో రెగ్యులేటరు తీసేసి, దారంతో వేలాడే ఆ తెల్ల మూతను వాల్వు మీద నొక్కి పెట్టండి. చాలా ఇండ్లలో ఆ మూతను మొదటి రోజే కోసి పారేస్తారు, ఎందుకో మాకు అర్థం కాదు! బిగించేముందు వాల్వు లోపల రబ్బరు వాషరు ఉందా, పగిలిందా చూడండి. సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తాయేమో చూడాలి, అగ్గిపుల్లతో ఎప్పుడూ వద్దు. ఆరెంజి రంగు సురక్షా ట్యూబును ఐదేండ్లకు మార్చాలి, తారీఖు దాని మీదే ఉంటుంది. కొండ కింద గాలి ఎక్కువ, మంట ఆరిపోయినా గ్యాసు వస్తూనే ఉంటుంది, పొయ్యి దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. గాలికి అడ్డం పెట్టే రేకు పొయ్యికి మాత్రమే, సిలిండరును కలిపి చుట్టకూడదు.

వ్యానులో వాసన వస్తే ఇంజను తిప్పొద్దు, లైటు వేయొద్దు, ఫోను అక్కడే తీయొద్దు. తలుపులన్నీ తెరిచి, పిల్లలను ముందు దింపండి. దూరంగా పోయినాక 1906కు ఫోను చేయండి.