వంగడం

ఊరందరికీ చెప్పులు కుట్టిన మా తాత, ఊళ్లోకి పోతే తన చెప్పులు చేతబట్టుకొని వంగి నడిచేవాడు. దాన్నే ఊరు వినయం అంది. జగ్గయ్యపేట పక్క మాదిగగూడెంలో మా ఇంట తొలి డిగ్రీ నాది. నందిగామ దగ్గర బళ్లో పంతులునయ్యాక ఇక ఎవరి ముందూ వంగనని ఒట్టు పెట్టుకున్నా.

పొద్దున్నే పిల్లల్ని పరిగెత్తిస్తా. కల్లెడ కూలోళ్ల బిడ్డ జీవాంజి దీప్తి కథ చెప్తా. ఊరు వెక్కిరించిన ఆ పిల్ల, నాగపురి రమేష్ శిక్షణలో 2024 మేలో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు తెచ్చింది. ఎంత పెద్ద కోచ్ అయినా ఆ 55 సెకన్లు గీత బయట నిలబడాల్సిందే. పరుగు పిల్లదే. ఆ ముక్క నేనే మరిచా.

మిరపకోతలకు పోయే తల్లి కూతురొకతి రోజూ చివర్న వచ్చేది. "ఒళ్లు వంచవే!" అని అరిచా.

"కాలు మండుతోంది సార్" అంటూనే ఆ రౌండూ పూర్తి చేసింది.

వంగి చూశా. చెప్పుల్లేని అరికాలు నిండా బొబ్బలు. నా నోరు పడిపోయింది. చెప్పులు కుట్టినోడి మనవణ్ణి, ఆ కాళ్లు చూళ్లేదు.

తాత వంగింది భయానికి. ఇది ఆ వంగడం కాదు. ఇప్పుడు ముందు పిల్లల పాదాలు చూస్తా, తర్వాతే విజిల్ ఊదుతా.