నాలుగో తారీఖు రాత్రి

నాలుగో తారీఖు రాత్రి ఒంటిగంటన్నర అంటే మా ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది. పొద్దు గుంకింది, జనం పడుకున్నారు, కోడి ఇంకా కూయలేదు. కోడి కూసేవరకూ మాకది నాలుగో తారీఖే. ఆ లెక్కతోనే భువనేశ్వర్‌లో ఒక హోటల్‌కి ఇంగ్లీషులో మెయిల్ రాశాం.

మేము అరకు లోయ వాళ్లం, ఐదుగురం. ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. డిసెంబరులో అక్కడ ఒక సభలో థింసా వాయిద్యాలు వాయించి చూపించమని పిలుపొచ్చింది. గదులు మీరే చూసుకోండి, డబ్బులు తర్వాత ఇస్తాం, కానీ మెయిల్‌లో బుక్ చేసినట్టు కాగితం ఉండాలి అన్నారు. మాకు హోటల్ అంటే ఇడ్లీ, పూరీ దొరికే చోటు. పడుకునేది లాడ్జి. అక్కడినుంచే మొదలైంది మా తికమక.

సిగ్నల్ అందే గుట్ట ఎక్కి, అందరం కలిసి రాశాం. ఆ మెయిల్ ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. చూస్తే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్ దట్ వియ్ ఆర్ ఫైవ్ మెంబర్స్ కమింగ్ ఆన్ 4-12 నైట్ 1.30. కైండ్లీ గ్రాంట్ అజ్ రూమ్స్. యువర్స్ ఒబీడియంట్లీ.’

ఇది ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్న లీవ్ లెటరే. జ్వరం తీసేసి రైలు పెట్టాం, అంతే. ఇంగ్లీషులో మాకు తెలిసిన ఉత్తరం అదొక్కటే. డబ్బు కట్టి దిగే గదిని కూడా హెడ్మాస్టారిని సెలవు అడిగినట్టే అడుక్కున్నాం.

సాయంత్రానికి జవాబొచ్చింది. పైన ‘కన్ఫర్మ్‌డ్’ అని ఉంది. ఆ ఒక్క మాట చూసి ఎగిరి గంతేసి గుట్ట దిగిపోయాం. కింద ‘చెక్-ఇన్ 3 డిసెంబర్’ అని ఉన్న సంగతి ఎవరూ చదవలేదు.

నాలుగో తారీఖు రాత్రి, అంటే మా లెక్కలో నాలుగు, తుడుం, కిరిడి, జోడుకొమ్ములు మోసుకుని హోటల్ మెట్లెక్కాం. కౌంటర్‌లో ఉన్నాయన మా మెయిల్ తీసి మాకే చూపించాడు. గడియారం ప్రకారం నాలుగో తారీఖు రాత్రి ఒంటిగంటన్నర అంటే మూడో తారీఖు అర్ధరాత్రి దాటిన గంటన్నరకి. ఆ రాత్రి గదులు ఉంచారు, మేము రాలేదు, మధ్యాహ్నానికి వేరేవాళ్లకి ఇచ్చేశారు. మేము ఒక రోజు ఆలస్యంగా వచ్చామన్నమాట. ఆయన తప్పేమీ లేదు.

మాలో ఒక చెల్లి ఇంటి భాష ఆదివాసీ ఒడియా. ఆమె ఆయనతో ఆ భాషలోనే మాట్లాడింది. ఆయన ఒడియా వేరు, మాది వేరు, అయినా విషయం అందింది. పనివాళ్ల గదిలో ఆడపిల్లలిద్దరికీ చోటిచ్చాడు. మగవాళ్లం మెట్ల మీదే కూర్చున్నాం. మంచుకి తుడుం తోలు వదులవుతుందని మా దుప్పటి దానికి కప్పాం. ముందే ఫోన్ చేసి మా భాషలో అడిగి ఉంటే ఇంత జరిగేది కాదేమో. కానీ వాళ్లకి కాగితం కావాలి.

ఆ తెల్లవారుజామునే, చలికి నిద్ర పట్టక, మెయిల్ ఎలా రాయాల్సిందో మెట్ల మీదే తేల్చుకున్నాం. మామూలుగా హోటల్ రోజు కోడి కూతతోనూ మారదు, అర్ధరాత్రితోనూ మారదు. మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఒక రోజు. కాబట్టి అర్ధరాత్రి దాటి దిగేవాళ్లు ముందు రోజు నుంచే గది తీసుకోవాలి, ఆ రాత్రికి డబ్బూ కట్టాలి. ‘వియ్ నీడ్ టూ రూమ్స్ ఫ్రమ్ థర్స్‌డే, 4 డిసెంబర్. వియ్ విల్ రీచ్ లేట్, ఎట్ 1.30 ఏఎం ఆన్ ఫ్రైడే, 5 డిసెంబర్. ప్లీజ్ కీప్ ద రూమ్స్ ఫర్ అజ్.’ వారం పేరు రాస్తే తారీఖులో పొరపాటు దొరికిపోతుంది. నెలని అంకెలో రాయకూడదు. 4-12ని అమెరికా వాళ్లు ఏప్రిల్ 12 అని చదువుతారు.

‘ఫైవ్ మెంబర్స్’ అంటే ఏ సంఘం సభ్యులు అనుకుంటారు. ముగ్గురు మగవాళ్లకి మూడు మంచాల గది ఒకటి, ఇద్దరు ఆడవాళ్లకి రెండు మంచాల గది ఒకటి అని విడదీసి రాయాలి. ‘డబుల్’ అంటే చాలాచోట్ల ఒకటే పెద్ద మంచం, విడి మంచాలు కావాలంటే ‘ట్విన్’. పన్నుతో కలిపి మొత్తం ఎంత, రాలేకపోతే ఎప్పటిలోగా చెప్పాలి, ఈ రెండూ వేర్వేరు వరుసల్లో అడగాలి. ఒకే వాక్యంలో కుక్కితే మొదటిదానికే జవాబొస్తుంది.

‘బెగ్’ తీసేశాం. ‘సర్’ దగ్గర మాత్రం గొడవైంది. అది కూడా తీసేస్తే పొగరు అనుకుంటారని ఒకడి పట్టు. సరే, ‘డియర్ సర్ ఆర్ మేడమ్’ ఉంచాం.

మాస్టారూ, లీవ్ లెటర్ నేర్పండి, వద్దనం. దాంతోపాటు ఒక్క పీరియడ్ ఇలాంటి మెయిల్ కూడా రాయించండి. మన పిల్లలు పరీక్షలకీ ఇంటర్వ్యూలకీ విశాఖ, హైదరాబాద్, ఢిల్లీ వెళ్తున్నారు. రాత్రంతా మెట్ల మీద కూర్చున్నవాడు పొద్దున పరీక్ష ఏం రాస్తాడు?

మొన్న ఆ చెల్లే ఇంకో ఊరికి మెయిల్ రాసి, పంపేముందు ఇంటి అరుగు మీద చదివి, వాళ్ల నాన్నకి అర్థం చెప్పింది. ఆయన చుట్ట ఆర్పి, “ఏ రాత్రి అమ్మా?” అన్నాడు. ఆమె ఆ వాక్యం మళ్లీ చదివింది. జవాబొచ్చాక కూడా, గుట్ట దిగకుండా, చివరి వరుసదాకా చదివింది.