పైపై పనేనా?

సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ఒక వెబ్‌సైటుకి ముందు, వెనక అని రెండు వైపులుంటాయి. మనం చూసేది, చదివేది, మీటలు నొక్కేది ముందువైపు. దాన్ని ఫ్రంట్ ఎండ్ అంటారు. సమాచారాన్ని దాచేది, వెతికి తీసేది, ఎవరు లోపలికి రావచ్చో ఎవరు రాకూడదో తేల్చేది వెనకవైపు, బ్యాక్ ఎండ్. ఈ మాటలు కొత్తగా విన్నప్పుడు నాకు మా ఊరి ఇల్లు గుర్తొచ్చింది. ముందు వసారా తాతయ్యది, వచ్చిపోయే మగవాళ్ళది. వెనక వంటిల్లు, పెరడు, నుయ్యి అమ్మమ్మవి. మర్యాదంతా ముందుంటే చాకిరీ అంతా వెనక ఉండేది. సాఫ్ట్‌వేర్‌లో ఇది తిరగబడింది. ఇక్కడ వెనకది బుర్రపెట్టి చేసే పని, ముందుది రంగులూ సోకులూ అద్దే పని. నాకు తెలిసిన అమ్మాయిల్లో ఎక్కువమందికి అప్పజెప్పింది ముందువైపు పనే. ఇల్లు మొత్తం తిరగేసినా మర్యాద మాత్రం మగవాళ్ళు నిలబడ్డ వైపే ఉండిపోవడం వింతగా అనిపించింది. వింత అనకూడదేమో.

నా పరిశోధన తొలినాటి స్త్రీల పత్రికల మీద. డాక్టరేట్ చేతికొచ్చాక ఒక విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు పద్ధతిన ఒక ప్రాజెక్టులో చేరాను. 1902లో మొదలైన ‘హిందూసుందరి’, 1928లో కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి తెచ్చిన ‘గృహలక్ష్మి’ మొదలుకొని 1970ల దాకా పత్రికల్లో స్త్రీలు రాసిన వాటికి సూచిక తయారుచేసి, ఎవరైనా వెతుక్కునేలా వెబ్‌లో పెట్టాలన్నది సంకల్పం. వెనకవైపు పనికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నారు. తెలివైనవాడే, మంచివాడు కూడా. లారవెల్ అనే చట్రం మీద డేటాబేసు కట్టి, డబ్బు తీసుకుని, "ఇంక థీమ్ ఎక్కించడమే మేడమ్, పైపై పని" అని చెప్పి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఆ పైపై పనికి బడ్జెట్‌లో పద్దు లేదు. "రంగులూ అవీ ఆడవాళ్ళు చూస్తేనే బాగుంటుందమ్మా" అన్నారు ప్రాజెక్టు పెద్ద. ఆ ‘అమ్మా’లో ఆప్యాయత ఉంది, జీతం లేదు. సూచిక కార్డులు రాస్తున్న మేం ముగ్గురం ఆడవాళ్ళమే. ముగ్గురిలో కంప్యూటరు ముందు ఎక్కువసేపు కూర్చునేది నేను కనక పని నాకొచ్చింది.

లారవెల్ అంటే పి.హెచ్.పి. భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి 2011లో టేలర్ ఆట్‌వెల్ తయారుచేసిన ఫ్రేమ్‌వర్క్. ఈ పి.హెచ్.పి. పుట్టుక తమాషాగా ఉంటుంది. 1994లో రాస్మస్ లెర్‌డార్ఫ్ తన సొంత పేజీ కోసం రాసుకున్న చిన్న చిన్న సాధనాలతో అది మొదలైంది. ఆ మూడక్షరాలకు మొదటి అర్థం ‘పర్సనల్ హోమ్ పేజ్’. సొంతం, ఇల్లు అన్న మాటలున్న ఆ పేరుని, భాష పెద్దదయ్యాక మరోలా విప్పి చెప్పడం మొదలుపెట్టారు. ఎందుకో మనకి తెలుసు.

థీమ్ అంటే ఎవరో డిజైనర్లు ముందే తయారుచేసి పెట్టిన రూపం. కొంత డబ్బు కడితే, కొన్నిటికి కట్టక్కర్లేకుండానే, ఒక జిప్ ఫైలు వస్తుంది. విప్పితే నలభై యాభై పేజీలు. కొత్తగా సున్నం వేసిన ఇల్లులా ఉంటాయి. కానీ అది బొమ్మిల్లు. ఏ మీట నొక్కినా ఏమీ జరగదు. ప్రతి పేజీలోనూ పై పట్టీ, పక్క మెనూ, అడుగు పట్టీ మళ్ళీ మళ్ళీ రాసి ఉంటాయి. మన పని వీటిని కోయడం. అన్ని పేజీలకూ ఉమ్మడిగా ఉండే భాగాన్ని ఒక్క ఫైలులో పెట్టి, మధ్యలో మారే భాగానికి ఖాళీ వదలాలి. ఉమ్మడి ఫైలుని లేఅవుట్ అంటారు. ఖాళీకి లారవెల్ వాళ్ళ బ్లేడ్ భాషలో ‘యీల్డ్’ అని పేరు. సాహిత్యం చదువుకున్నదాన్ని కనక ఆ మాట దగ్గర కాసేపు ఆగాను. ఫలించడం, లొంగిపోవడం, చోటివ్వడం, మూడర్థాలూ దానివే. స్త్రీల గురించి రాసేటప్పుడు ఆ మూడింటినీ కలిపేయడం మనకు కొత్త కాదు. ప్రతి పేజీ తాను ఆ లేఅవుట్‌లోంచే వస్తున్నానని మొదటి వరసలో చెప్పుకొని, తన విషయాన్ని ఆ ఖాళీలో పోస్తుంది.

ఇలా కోసి పెట్టగానే మొదటి పేజీ చక్కగా వస్తుంది. లోపలి పేజీలోకి వెళితే రంగులూ గడులూ అన్నీ పోయి ఉత్త అక్షరాలు మిగులుతాయి. కారణం చిన్నదే. శైలి ఫైలు ఎక్కడుందో థీమ్‌లో ‘పక్కగదిలో చూడు’ అన్నట్టు రాసి ఉంటుంది. పేజీ చిరునామా రెండు మెట్లు లోపలికి వెళ్ళేసరికి ఆ పక్కగది అక్కడ ఉండదు. థీమ్ సామగ్రినంతా ‘పబ్లిక్’ అనే ఫోల్డరులో పెట్టి, ప్రతి దారినీ ‘అసెట్’ అనే సాధనంతో రాస్తే కుదురుకుంటుంది. ఫారాలకు ఒక రహస్య గుర్తు జతచేయకపోతే, పేజీ గడువు ముగిసిందంటూ 419 నంబరు చూపిస్తుంది. 2020లో వచ్చిన ఎనిమిదో లారవెల్ నుంచి పేజీ సంఖ్యల పట్టీ టైల్‌విండ్ అనే శైలికి తగ్గట్టు వస్తుంది. మన థీమ్ బూట్‌స్ట్రాప్‌ది అయితే రెండు పెద్ద బాణాలు తెరని ఆక్రమించుకుని నిలబడతాయి. ఒక్క వరస రాస్తే తగ్గిపోతాయి గానీ, ఏ వరసో తెలియాలి కదా. ఆ తెలుసుకోవడానికే రాత్రులు పోయాయి.

విశాఖలో నా స్నేహితురాలు ఒకతి ఉంది. పిల్లల కోసం ఉద్యోగం మాని, ఇప్పుడు ఇంటినుంచి ఇవే పనులు చేస్తోంది. ఫోనులో నేర్పింది తనే. "థీమ్ ఎక్కించడమంటే కోడలు కాపరానికి రావడమేనే, ఇద్దరి అలవాట్లూ ఒకచోట కుదరాలి" అనేది. "కుదరాల్సింది ఎప్పుడూ కోడలేగా" అన్నాను. "ఇక్కడ నయం, అత్తగారి ఫైళ్ళు కూడా మార్చొచ్చు" అని నవ్వింది.

తెలుగు పెట్టాక అసలు సంగతి మొదలైంది. థీమ్ ఇంగ్లీషు అక్షరం కొలతలకి కుట్టిన జాకెట్టు. శీర్షికలన్నీ పెద్దబడి అక్షరాల్లోకి మారాలని అందులో ఒక ఆజ్ఞ. తెలుగుకి ఆ తేడా లేదు కనక శీర్షికా వాక్యమూ ఒకేలా కనిపించాయి. బూట్‌స్ట్రాప్ శీర్షికల్లో వరస ఎత్తు అక్షరానికి 1.2 రెట్లు. దానికితోడు, గడిలో పట్టనిదాన్ని కత్తిరించి దాచేసే ఏర్పాటు ఒకటి. ‘స్త్రీల పత్రికలు’ అన్న శీర్షికని అందులో పెట్టగానే పైన గుడిదీర్ఘం సగం, కింద తావత్తూ రావత్తూ పోయాయి. మా మొదటి పేజీ మీద ‘స్త్రీ’ తలా కాళ్ళూ తెగి నిలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కథ మొదటి కొన్ని అక్షరాలు చూపించి చుక్కలు పెట్టేచోట మరో తిరకాసు. అక్షరాలని లెక్కపెట్టేదెలా? యూనికోడ్‌లో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొత్తం 6 సంకేతాలు, ఒక్కొక్కటీ 3 బైట్లు. పి.హెచ్.పి.లోని పాత లెక్కని అడిగితే దాని పొడవు 18 అంటుంది. ఇతర భాషల కోసం తర్వాత చేర్చిన లెక్క 6 అంటుంది. మన కంటికి ఒక్కటే. మధ్యలో ఎక్కడ కోసినా మిగిలేది ‘స్’, ‘స్త్’ లాంటి ముక్కే. అందుకని అక్షరాల లెక్క మానేసి, మాటకీ మాటకీ మధ్య మాత్రమే కోసేలా మార్చాను. లారవెల్‌లోనే దానికో సాధనముంది. ఇదంతా ‘రంగులూ అవీ’ కిందికి వస్తుందా?

అక్షరరూపం ఎంచుకోవడానికి గూగుల్ ఉచితంగా ఇచ్చే తెలుగు ఫాంట్ల పేర్లు చదివాను. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు, గురజాడ, సురవరం, మండలి, ఎన్.టి.ఆర్... చివరికి బాలూ అనే కుటుంబంలోంచి ఒక ‘తమ్ముడు’ కూడా. నేను చదివినంతలో మొల్ల లేదు, తిమ్మక్క లేదు, ముద్దుపళని లేదు. స్త్రీల రాతలకి అక్షరాలు వెతుక్కుంటూ భువనవిజయంలో నిలబడ్డట్టయింది. చివరికి ఎవరి పేరూ లేని ‘నోటో’ని తీసుకున్నాను. అక్షరం బదులు తెర మీద కనిపించే ఖాళీ గడులను ‘టోఫు’ అంటారు. అవి రాకుండా చూడాలని చేసింది కనక నోటో.

థీమ్‌లో ‘మా బృందం’ అని ఒక పేజీ ఉంటుంది. గుండ్రటి ఫోటో, కింద పేరు, హోదా. రచయిత్రుల పేజీకి దాన్నే వాడదామనుకున్నాం. ఫోటో లేనివాళ్ళకి థీమ్ చూపించే నీడబొమ్మ క్రాపున్న మగవాడిది. మా సూచికలో చాలామందికి ఫోటోలు లేవు, హోదాలు అసలే లేవు. ఒక పేజీలో 24 మంది రచయిత్రుల పేర్ల మీద 24 క్రాపు తలలు ఊహించుకోండి. బొమ్మ తీసేసి పేరులోని మొదటి అక్షరం పెట్టాను.

కానీ ఏ పేరు? ఫారంలో ముందు పేరు, చివరి పేరు అని రెండు గడులు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, సరే, గడులు తిప్పుకోవచ్చు. స్త్రీకి ఇంటిపేరు ఏదన్నది అంత తేలిగ్గా తేలదు. 1902లో ‘హిందూసుందరి’లో ‘ధనత్రయోదశి’ కథ రాసిన భండారు అచ్చమాంబ పుట్టింటివారు కొమర్రాజు వారు. కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడు. తమ్ముడి ఇంటిపేరు పుట్టినప్పట్నుంచి పోయేదాకా ఒకటే కనక ఏ డేటాబేసూ ఆయన్ని ఇద్దరిని చేయదు. మా కార్డుల్లోని రచయిత్రులు కొందరు పెళ్ళికి ముందు ఒక పేరుతో, తర్వాత ఇంకో పేరుతో రాశారు. ఇంకొందరు ‘శ్రీమతి’తో కలిపి నమోదయ్యారు కనక అకారాది క్రమంలో అందరూ ‘శ’ కింద పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నారు. బీనాదేవి సంగతి దీనికి తిరగేసి. ఆ ఒక్క కలం పేరు వెనక భార్యాభర్తలిద్దరున్నారు.

వెనకవైపు పట్టికలో మాత్రం మనిషికి ఒకే పేరు, పేరుకి ఒకే మనిషి. కట్టినప్పుడు ఇది ఎవరికీ తట్టలేదు. పేజీ మీదికి తెచ్చి పక్కపక్కన పేర్చినప్పుడే ఒక మనిషి ఇద్దరుగా కనబడింది. స్నేహితురాలు చెప్పినట్టు అత్తగారి ఫైళ్ళ జోలికి వెళ్ళాల్సొచ్చింది. పేర్లకి వేరే పట్టిక కట్టి, ఒక మనిషికి ఎన్ని పేర్లయినా, ఒక పేరుకి ఎందరు మనుషులైనా ఉండేలా కలిపాను. ఇప్పుడు ఏ పేరుతో వెతికినా ఆమె దొరుకుతుంది. ఏ రచన ఏ పేరుతో అచ్చయిందో అది అలాగే ఉంటుంది. పేర్లన్నిటినీ ఒకటి చేసి సరిదిద్దేస్తే, ఆమె పేరు ఎప్పుడు ఎందుకు మారిందన్న ప్రశ్నే మాయమైపోతుంది.

ఈ ఎక్కువ తక్కువల పంపకం లారవెల్‌తోనో థీమ్‌లతోనో పుట్టింది కాదు. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటరుకి ప్రోగ్రాములు అమర్చింది జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్ మొదలైన ఆరుగురు స్త్రీలు. యంత్రం కట్టడం ఇంజనీర్ల పని, ప్రోగ్రాము అమర్చడం గుమాస్తా పని అని అప్పటి లెక్క. ఆ ఫిబ్రవరి ప్రదర్శనలో ఆ ఆరుగురిని ఎవరూ పరిచయం చేయలేదు. ప్రోగ్రాములు రాయడానికి విలువ వచ్చే నాటికి అది మగవాళ్ళ పని అయి కూర్చుంది.

మా సైటు తెరిచిన రోజు సభలో చూపిన స్లైడులో ‘సాంకేతిక రూపకల్పన’ అని ఆ కుర్రాడి పేరు, ‘అలంకరణ’ అని నా పేరు వేశారు. వేదిక మీద పూలకుండీలు పెట్టినవాళ్ళ పేర్లూ అక్కడే వేసి ఉండాల్సింది. అడిగాను. "అదే కదమ్మా మీరు చేసింది?" అన్నారు, నిజంగానే అర్థంకాక. పట్టికలు మార్చిన సంగతి చెబితే, "ఎవరు మార్చమన్నారు?" అన్నారు. మా వార్షిక నివేదికలో వ్యాసాలకి గడి ఉంది, సెమినార్లకి ఉంది, దీనికి లేదు. ఆ గడులు చూసే కాంట్రాక్టు పొడిగిస్తారు. నాలుగు నెలలు దీనిమీద కూర్చున్నాను కనక ఈ ఏడు నా వ్యాసాల గడి ఖాళీ.

థీమ్ అడుగు పట్టీలో దాన్ని తయారుచేసిన కంపెనీ పేరు, కాపీరైటు ఏడాది ఉంటాయి. లైసెన్సు ప్రకారం ఆ వరస ఉంచాలి. ఉంచాను. దాని పైన కార్డులు రాసిన మిగతా ఇద్దరి పేర్లు, పాత సంపుటాలు దుమ్ము దులిపి స్కానింగుకి మోసినావిడ పేరు, నా పేరు, ఎవరు ఏం చేశారో చేర్చాను. లేఅవుట్ ఒకటే ఫైలు కనక ఒక్కసారి రాస్తే అన్ని పేజీల్లోనూ వస్తుంది. ప్రాజెక్టు పెద్ద ఇంకా అంత కిందిదాకా జరిపి చూసినట్టు లేదు.

నా కాంట్రాక్టు వచ్చే మార్చితో అయిపోతుంది. ఏ ఫైలులో ఏ వరస ఎందుకు మార్చానో తెలుగులో రాసిపెడుతున్నాను. తర్వాత వచ్చే అమ్మాయి, అమ్మాయినే వేస్తారు లెండి, మళ్ళీ ‘స్త్రీ’ ఒత్తుల దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేకుండా. ఇప్పటికి 11 పేజీలయింది. ఫోను తెర మీద మెనూ ఇంకా సరిగా ముడుచుకోవడం లేదు. ఆదివారం చూడాలి.