వారానికొక్క ప్రశ్న

లక్డీకాపూల్
2 మార్చి 2025, ఆదివారం

ఇవాళ మొదటి రోజా. పొద్దుగూకే వేళకి ఏసీ గార్డ్స్ వైపు నుంచి సైరన్ వినపడింది. కింద పండ్ల బండి అతను అక్కడే గట్టు మీద కూర్చుని ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. నేను దీపం పెట్టి, అమ్మకి మాత్రలిచ్చి, టారో పెట్టె తీశాను.

పెట్టె చెల్లిది. అమెరికా వెళ్ళేముందు "నీకే పనికొస్తయక్కా" అని నా బీరువాలో పెట్టి పోయింది. దాని పద్ధతే నాదీ: వారానికి ఒక్కసారి, ఒక్క ప్రశ్న, మూడు కార్డులు. నచ్చినా నచ్చకపోయినా మళ్ళీ కలపకూడదు. వచ్చిన దానితో ఏడు రోజులు గడపాలి.

సంక్రాంతి నుంచి చెల్లి మాట్లాడటం లేదు. జనగామ ఇల్లు అమ్మేసి, ఇక్కడే లిఫ్టున్న పెద్ద ఫ్లాటు తీసుకుందామని అది. అమ్మ ఉన్నన్నాళ్ళు ఆ ఇంటి జోలికి పోవద్దని నేను. అమ్మ దగ్గరుండేది నేను, నెలనెలా డబ్బు పంపేది అది. ఎవరి కష్టం ఎక్కువ అన్న దగ్గర మాట తెగింది.

"చెల్లి ఫోన్ చేస్తుందా?" అన్న ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చింది. అది అడగను. దాని మనసు సంగతి అట్టముక్కలకేం తెలుసు? "ఈ వారం దాని విషయంలో నేనెట్లా ఉండాలి?" అని అడిగాను.

నడిమి కార్డు టెంపరెన్స్. పద్నాలుగోది. రెక్కల దేవదూత ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్ళు పోస్తుంటాడు. ఒక పాదం గట్టు మీద, ఒకటి నీళ్ళలో. చాలాసేపు ఆ గిన్నెలనే చూశాను. రెండూ ఒక ఎత్తులో లేవు. ఒకటి పైన, ఒకటి కింద. అట్లా ఉంటేనే ధార కదులుతుంది. రెండింటినీ సరిసమానంగా పట్టుకుంటే ఎక్కడి నీళ్ళు అక్కడే. అక్కాచెల్లెళ్ళ మధ్య లెక్క కూడా ఏ రోజుకారోజు సరిపోదు. ఈ ఏడు ఒకరిది పైచేయి అయితే ఇంకో ఏడు ఇంకొకరిది. అయితే పోసేవాళ్ళు పోస్తుండాలి.

9 మార్చి, ఆదివారం

రెడ్‌హిల్స్‌లో నర్సుగా చేసే పిల్ల వచ్చింది. పై అంతస్తులో అద్దెకుంటుంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చెప్పులు విప్పగానే గోడకి ఆనుకుని కూలబడింది. "వాడు పెళ్ళి చేసుకుంటాడా లేదా, అదొక్కటి చెప్పండాంటీ."

ఎవరో ఇంతకుముందే కార్డులు వేశారట దానికి. డెత్ కార్డు చూపించి, ఈ సంబంధం వల్ల ప్రాణగండం ఉంది, శాంతి చేయించాలని వేలకు వేలు అడిగారట. సగం కట్టేసిందట కూడా. విన్నప్పటి నుంచి కడుపు రగిలిపోతోంది. నిద్రలేని డ్యూటీలు చేసి దాచుకున్న డబ్బు. మనసు విరిగి వచ్చిన మనిషిని భయపెట్టి గుంజుకోవడం కంటే పాపం ఇంకేముంటుంది!

ఆ కార్డు తీసి దాని చేతికే ఇచ్చాను. నెమ్మదిగా చూడమన్నాను. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం, చేతిలో నల్ల జెండా, జెండా మీద తెల్ల గులాబీ. ఎదురుగా మోకాళ్ళ మీద ఒక పిల్లవాడు, చేతిలో పూలతో. అన్నిటికంటే వెనక, రెండు బురుజుల మధ్య సూర్యుడు. "సూర్యుణ్ణి వాళ్ళు చూపించలేదాంటీ" అంది. ఒక దశ ముగిసి ఇంకోటి మొదలవుతుందనే ఈ కార్డుకి అర్థం చెబుతారు. శరీరానికి చావని, పలానా తేదీ అని, చదువుకుని వేసే వాళ్ళెవరూ చెప్పరు.

తర్వాత ప్రశ్న మార్చమన్నాను. చాలాసేపు ఆలోచించింది. "వాడు తేల్చేదాకా నేను ఎన్నాళ్ళు ఆగాలి?" అంది. అది ప్రశ్న. దానికి జవాబు దాని దగ్గరే ఉంది కూడా. కార్డులు వెయ్యకుండానే చెప్పేసింది, మేలో వాళ్ళ అన్న పెళ్ళి అయ్యేదాకా అని.

డబ్బు తీసుకోను. టీ ఇచ్చి పంపాను.

16 మార్చి, ఆదివారం

మధ్యాహ్నం మెట్రోలో నాంపల్లి దిగి అబిడ్స్‌కి నడిచాను. మొన్నటి హోలీ రంగులు రోడ్డు అంచుల్లో ఇంకా మిగిలే ఉన్నాయి. ఆదివారం దుకాణాలు మూసిన చోట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఒక గంట తిరిగాను. జ్యోతిషం పుస్తకాలు ఇంజనీరింగు గైడ్ల పక్కనే ఉంటాయక్కడ. ఆ వరసల ముందు ఆగినప్పుడల్లా నాకు పమేలా కోల్మన్ స్మిత్ గుర్తుకొస్తుంది.

మన చేతుల్లో తిరుగుతున్న కార్డుల్లో చాలామటుకు 1909లో లండన్‌లో వచ్చిన పేకకు నకళ్ళు. ప్రచురించింది రైడర్ సంస్థ, ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది. అందుకని చాలాకాలం దానికి రైడర్-వెయిట్ అనే పేరు. బొమ్మలు వేసింది మాత్రం పమేలా. మొత్తం 78. పెద్ద కార్డులు 22, చిన్నవి 56. అంతకుముందు చిన్నకార్డుల మీద దాదాపు ఎప్పుడూ ఏడు గిన్నెలో ఏడు కర్రలో వరసగా ఉండేవి, అంతే. ఆమె వాటిలో మనుషుల్ని పెట్టింది. పార మీద గడ్డం ఆనించి తను పెంచిన చెట్టు వైపు చూసే యువకుడు, రెండు నాణేల్ని చేతుల్లో ఆడిస్తూ వెనక సముద్రం ఎగసిపడుతున్నా తూలకుండా నిలబడ్డవాడు, పక్క మీద లేచి కూర్చుని ముఖం కప్పుకున్న మనిషి. మనం కార్డుని చూసి "ఇది నేనే" అనుకుంటున్నామంటే ఆమె గీత వల్లే. అంత పనికి దక్కింది చాలా తక్కువ. 1951లో ఇంగ్లండ్‌లో ఒక మూల అప్పులతో పోయింది. ఇప్పుడిప్పుడే ఆమె పేరూ కలిపి రైడర్-వెయిట్-స్మిత్ అంటున్నారు. కార్డు మూలన అల్లిబిల్లిగా చిన్న సంతకం ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు అది చూపిస్తాను.

అసలు టారో పుట్టింది ఆటగానే. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆడుకునేవారు. దానిలో ఈజిప్టు రహస్యజ్ఞానం ఉందని 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు రాశాక జోస్యం అంటుకుంది. మన దక్కనులోనూ గుండ్రటి గంజీఫా ముక్కలుండేవి. దశావతార గంజీఫాలో అవతారానికి 12 చొప్పున 120. వాటిని ఎవరూ భవిష్యత్తు అడిగినట్టు కనపడదు. రాముణ్ణీ కృష్ణుణ్ణీ చేతిలో పట్టుకుని హాయిగా ఆడుకున్నారు.

ఈ వారం కార్డుల్లో ఆ పార పట్టిన యువకుడే వచ్చాడు. నాణేల ఏడు. పని చేశాడు, ఇక కాయ ముదరాలి. చెట్టు మీద చెయ్యి వెయ్యకుండా చూస్తున్నాడు.

20 మార్చి, గురువారం

ఆఫీసు నుంచి త్వరగా బయటపడి పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచాను. జూబ్లీ హాలు వైపు చెట్లలో చిలకలు గోల గోల.

చిన్నప్పుడు నుమాయిష్‌కి వచ్చినప్పుడల్లా నాంపల్లిలో చిలక జోస్యం దగ్గర నాన్న ఆగేవాడు. పంజరం తలుపు ఎత్తగానే చిలక తలూపుతూ బయటికొచ్చి, వరసగా పేర్చిన కవర్లలోంచి ఒకటి ముక్కుతో లాగేది. గింజ తీసుకుని మళ్ళీ తనే లోపలికి పోయేది. కవరులోంచి వెంకటేశ్వరుడో సీతారాములో వచ్చేవారు. జోస్యం కంటే, అది పంజరంలోకి తనంతట తను పోవడమే మా ఇద్దరికీ రాత్రంతా మాటలయ్యేది. రెక్కలు కత్తిరించి ఉంటారని చెల్లి ఏడ్చింది ఒకసారి. దాని వయసు అప్పుడు ఆరేళ్ళుంటాయేమో.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రామచిలకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం ఇప్పుడు నేరం. మంచి పని. మనుషుల పొత్తు గురించి తెలుసుకోవడానికి ఒక పక్షికి జోడు లేకుండా చెయ్యడమేమిటి!

23 మార్చి, ఆదివారం

చెల్లి నుంచి మెసేజి: "డబ్బు పంపిన." రెండే మాటలు. చివర అక్కా అని లేదు.

నాకూ రెండు మాటల్లో సరిపెట్టాలనిపించింది. ముందు కార్డు తీశాను. స్ట్రెంగ్త్ వచ్చింది. తెల్ల గౌను కట్టుకున్న స్త్రీ వంగి సింహం దవడల మీద చేతులు వేసింది. మూస్తోందా తెరుస్తోందా అని తెలియనంత మెత్తగా. సింహం కూడా నాలుక బయటపెట్టి లొంగిపోయినట్టే ఉంది.

పాత ఫ్రెంచి పేకల్లో ఎనిమిదోది న్యాయం, పదకొండోది ఈ కార్డు. వెయిట్ ఆ రెంటినీ తారుమారు చేశాడు. కార్డుల్ని రాశులతో కలిపినప్పుడు సింహం ముందు రావాలి, తుల తర్వాత రావాలి కదా, అందుకని. మన పంచాంగం చూసేవాళ్ళకి ఈ వరస కొత్త కాదు. నాకైతే ఇదే సరైన వరస. త్రాసు చేత పట్టుకునే ముందు, లోపల గుర్రుమంటున్నదాని మీద చెయ్యి వెయ్యాలి. కోపంతో తూచితే ఎవరి ముల్లు వాళ్ళ వైపే వాలుతుంది.

మా సెక్షన్లో ఒకామె రోజా ఉంటూ రోజంతా ఫైళ్ళు చూస్తోంది. ఒక్క కాగితం ఆగలేదు ఆమె టేబుల్ మీద. ఓపిక పట్టడమంటే చేతులు ముడుచుకోవడం కాదని ఆమెను చూస్తే తెలుస్తుంది. రాత్రి చెల్లికి పెద్ద మెసేజి రాశాను. ఇంటి మాట ఎత్తలేదు. అమ్మ మోకాలు, కొత్త డాక్టరు చెప్పింది, పై ఇంటి పిల్ల సంగతి, చిలకల సంగతి.

27 మార్చి, గురువారం

చెల్లి జవాబు. "ఆ చిలక ఏమైందో అని ఇప్పటికీ అనిపిస్తది నాకు." దాని కింద, "అమ్మ కాళ్ళ ఎక్స్‌రే పంపు అక్కా."

30 మార్చి, ఆదివారం, ఉగాది

విశ్వావసు నామ సంవత్సరం. పొద్దున్నే పచ్చడి చేసి చెల్లికి వీడియో కాల్ చేశాను. డాలస్‌లో ఇంకా శనివారం రాత్రే. అక్కడ వేపపువ్వు దొరకలేదని మొహం చిన్నబుచ్చుకుంది.

అమ్మ కొత్త పంచాంగం తెచ్చి ముగ్గురి రాశులూ చదవమంది. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఆదాయ వ్యయాలు ఎవరికైనా 2, 5, 8, 11, 14 ఈ అంకెల్లోనే పడతాయి. గౌరవం, అవమానం 1 నుంచి 7 లోపే. వ్యయం తక్కువ చూపించాడని మురిసేలోపు అవమానం పెద్దంకె చూపిస్తాడు. ఏడాదంతా నాలుగు అంకెల్లో! మా ఇంట్లో ఎప్పుడూ వీటిని ఒక్కొక్కరివిగా కాక ఇంటివిగా కలిపి చదివేవాడు నాన్న. ఒకరి వ్యయం ఇంకొకరి ఆదాయంలోంచి పోతుందని.

చదవడం అయ్యాక చెల్లే మొదలుపెట్టింది. "అక్కా, జనగామ ఇల్లు గురించి..." నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇంతలో అమ్మ ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"పైసలు నీయి, సేవ దానిది. ఇల్లు నాది గదా. నన్ను ఎవలన్న అడిగిండ్రా?"

ఇద్దరం నోరెత్తలేదు. అమ్మ కోపంగా అనలేదు. పచ్చడి గిన్నెలో అడుగున మిగిలిన మామిడి ముక్క తీసుకుంటూ అంది.

జూన్‌లో సెలవు పెట్టి వస్తానంది చెల్లి. అప్పటిదాకా కొనడం లేదు, అమ్మడం లేదు. వచ్చాక ముగ్గురం జనగామ వెళ్ళి రెండు రోజులు ఆ ఇంట్లో ఉండాలని అనుకున్నాం.

రాత్రి కార్డులు అమ్మ ముందు పెట్టి, ఈ వారం ప్రశ్న నువ్వే అడుగమ్మా అన్నాను. పెట్టె మూత మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చుంది.

"ఆగు, ఒక్కటే అడుగాలె కదా. సోంచాయించి చెప్త."